బొమ్మ అడిగే లెక్క

మైలవరం పక్కనే కొండపల్లి. తెల్లపొణికి కర్ర చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన మక్కుతో ముక్కలు అతికి, ఆరబెట్టి, రంగులద్దితేనే ఒక అంబారీ ఏనుగు. దానికి పోటీ నిమిషాల్లో అచ్చు పోసే యంత్రం, దాని వెనుక చైనా ఫ్యాక్టరీల చౌక కూలి!

ఢిల్లీ సర్కారు బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచింది. సంతోషమే. కానీ ఆ గోడ కాపాడేదెవరిని? ఇక్కడి ప్లాస్టిక్ ఫ్యాక్టరీ యజమానినా, ఉలి పట్టిన చేతినా?

యంత్రానికి మేం వ్యతిరేకం కాదు. అది మిగిల్చిన సొమ్ములో శ్రమజీవి వాటా ఏదని అడుగుతున్నాం. విద్యార్థులారా, ఉద్యోగులారా! నిన్న ఉలి వంతు. నేడు మీ కంప్యూటర్ వంతు. లెక్క ఇప్పుడే అడగండి!