అమెరికాలో గుర్తింపు కార్డులు - నివాస చిరునామా నిబంధన

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో డ్రైవింగు లైసెన్సు గాని, వాహనం నడపనివారికి ఇచ్చే రాష్ట్ర గుర్తింపు కార్డు గాని పొందగోరేవారు తాము ఎక్కడ నివసిస్తున్నారో పత్రాలతో రుజువు చేయవలసి ఉంటుంది. దీనినే నివాస చిరునామా నిబంధన అనవచ్చును. 2001 తరువాత ఈ నిబంధన క్రమంగా కఠినమైంది. లైసెన్సు పేరుకు వాహనం నడపటానికి ఇచ్చే అనుమతి పత్రమే. కాని ఆ దేశంలో పౌరులందరికీ తప్పనిసరి అయిన జాతీయ గుర్తింపు కార్డు లేదు. అందువలన బ్యాంకు ఖాతా తెరవటానికి, ఇల్లు అద్దెకు తీసుకోవటానికి, దేశంలో విమానం ఎక్కటానికి, అనేక రాష్ట్రాలలో ఓటు వేయటానికి సాధారణంగా దీనినే చూపుతారు. ఒక మనిషి ఎవరో తెలుపవలసిన కార్డు, ఆ మనిషి ఎక్కడ ఉంటాడో రుజువైతే గాని చేతికి రాకపోవటమే ఈ వివాదానికి మూలం.

నేపథ్యం

అమెరికాలో లైసెన్సుల జారీ రాష్ట్ర ప్రభుత్వాల అధికారం. ఏ పత్రాలు చూపాలి, ఎన్ని చూపాలి అన్న విషయాలను చాలాకాలం పాటు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకొనేది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత ఈ పరిస్థితి మారింది. దాడికి పాల్పడినవారిలో కొందరు వర్జీనియా రాష్ట్రపు గుర్తింపు కార్డులను తప్పుడు నివాస ధ్రువీకరణలతో సంపాదించినట్లు దర్యాప్తులో తేలింది. నివాసానికి పత్రం లేనివారు వేరొకరి చేత ప్రమాణపత్రం వ్రాయించి, నోటరీ సంతకంతో ఇస్తే సరిపోయే పద్ధతి అప్పట్లో ఆ రాష్ట్రంలో ఉండేది. ఆ సౌకర్యమే దుర్వినియోగమైంది.

దాడులపై ఏర్పాటైన విచారణ సంఘం 2004 జులైలో ఇచ్చిన నివేదికలో, గుర్తింపు కార్డుల జారీకి దేశమంతటా ఒకే ప్రమాణాలు ఉండాలని సూచించింది. దానికి కొనసాగింపుగా వచ్చినదే రియల్ ఐడి చట్టం.

రియల్ ఐడి చట్టం

అధ్యక్షుడు జార్జి డబ్ల్యు. బుష్ ఈ చట్టంపై 2005 మే 11న సంతకం చేశాడు. సైనిక వ్యయానికి, సునామీ సహాయానికి నిధులు కేటాయించే అత్యవసర బిల్లులో భాగంగా ఇది ఆమోదం పొందింది. చిరునామాకు సంబంధించి చట్టంలోను, 2008లో వెలువడిన నియమావళిలోను ఉన్న ముఖ్యాంశాలు ఇవి:

- కార్డుపై పేరు, పుట్టిన తేదీ, ఫోటో, సంతకాలతో పాటు ప్రధాన నివాస చిరునామా ఉండాలి.
- ఆ చిరునామాకు దరఖాస్తుదారు కనీసం రెండు పత్రాలు చూపాలి. ఏయే పత్రాలు చెల్లుతాయో రాష్ట్రం నిర్ణయిస్తుంది. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, బ్యాంకు ఖాతా నివేదిక వంటివి సాధారణంగా చెల్లుతాయి.
- వీధి పేరు, ఇంటి నంబరు లేని ప్రాంతాలలో తపాలా శాఖ వాడే చిరునామా పద్ధతిని అంగీకరించవచ్చు.
- ప్రాణభయం వలన చిరునామా గోప్యంగా ఉంచవలసినవారి కార్డుపై ప్రత్యామ్నాయ చిరునామా ముద్రించవచ్చు.

చట్టం 2008 నుండి అమలు కావలసి ఉండగా, రాష్ట్రాల అభ్యంతరాల వలన, తరువాత కోవిడ్ వలన పలుమార్లు వాయిదా పడింది. చివరకు 2025 మే 7 నుండి విమానాశ్రయాలలో అమలు మొదలైంది. పాస్‌పోర్టు వంటి ఇతర పత్రాలు కూడా అక్కడ చెల్లుతాయి. ఈ ప్రమాణాలకు లోబడని కార్డులను రాష్ట్రాలు వేరే గుర్తుతో ఇప్పటికీ జారీ చేయవచ్చును. వీధి చిరునామా లేనివారికి మినహాయింపు సమాఖ్య నియమావళిలోనే ఉన్నదని గమనించాలి. రాష్ట్రం తన సొంత చట్టంలో దానిని పాటించనప్పుడు ఏమి జరుగుతుందో నార్త్ డకోటా ఉదంతం తెలుపుతుంది.

నార్త్ డకోటా వివాదం

అమెరికా రాష్ట్రాలలో ఓటర్ల నమోదు పద్ధతి లేనిది నార్త్ డకోటా ఒక్కటే. అక్కడ ఓటరు పోలింగు రోజున నేరుగా కేంద్రానికి వచ్చి, తాను ఎవరో, ఎక్కడి వాడో చూపి ఓటు వేస్తాడు. 2013కు పూర్వం కార్డు లేనివారిని పోలింగు సిబ్బంది ఎరిగి ఉంటే చాలు. లేదా ఓటరే ప్రమాణపత్రం ఇవ్వవచ్చు. 2013లో ఈ రెండు సౌకర్యాలను శాసనసభ రద్దు చేసింది. 2017 నాటి చట్టం ప్రకారం ఓటరు చూపే కార్డుపై ప్రస్తుత నివాసపు వీధి చిరునామా ఉండాలి. అది లేకుంటే కరెంటు బిల్లు, బ్యాంకు నివేదిక వంటి అనుబంధ పత్రం చూపాలి.

ఈ షరతు స్థానిక అమెరికన్లకు (వాడుకలో రెడ్ ఇండియన్లు) పెద్ద అడ్డంకి అయింది. వారి తెగలకు కేటాయించిన భూభాగాలను అక్కడ రిజర్వేషన్లు అంటారు. ఈ ప్రాంతాలలో అనేక ఇళ్ళకు నంబర్లు లేవు, దారులకు పేర్లు లేవు. తపాలా ఇంటికి రాదు. పోస్టాఫీసులో అద్దెకు తీసుకున్న పెట్టెకు వస్తుంది. కాబట్టి తెగ ప్రభుత్వం ఇచ్చిన కార్డుపై ఆ పెట్టె నంబరే ఉండేది. ఒకే ఇంట్లో రెండు మూడు కుటుంబాలు కలిసి ఉండటం, బంధువుల ఇళ్ళ మధ్య మారుతూ ఉండటం కూడా మామూలే. బిల్లు ఉన్నా అది ఒక్కరి పేరు మీదే ఉంటుంది.

టర్టిల్ మౌంటెన్ చిప్పెవా తెగకు చెందిన కొందరు 2016లో న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. జిల్లా న్యాయమూర్తి డేనియల్ హోవ్లాండ్ 2016లో పాత చట్టాన్ని, 2018 ఏప్రిల్‌లో కొత్త చట్టంలోని కొన్ని భాగాలను నిలిపివేశాడు. ఆ ఏడాది జూన్‌లో జరిగిన ప్రాథమిక ఎన్నిక వీధి చిరునామా షరతు లేకుండానే జరిగింది. కాని సెప్టెంబరులో అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వుకు స్టే ఇచ్చింది. అక్టోబరు 9న సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. అప్పటికి సెనేట్ ఎన్నిక నాలుగు వారాల దూరంలో ఉంది.

న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ భిన్నాభిప్రాయం వ్రాయగా ఎలీనా కేగన్ ఆమెతో ఏకీభవించింది. సుమారు 70,000 మంది వద్ద అర్హమైన కార్డు లేదని, వారిలో సుమారు 18,000 మంది వద్ద అనుబంధ పత్రం కూడా లేదని జిల్లా న్యాయస్థానం కనుగొన్న అంకెలను గిన్స్‌బర్గ్ ప్రస్తావించింది. ఈ అంకెల బరువు తెలియాలంటే ఒక విషయం గుర్తుంచుకోవాలి: 2012లో ఆ సెనేట్ స్థానాన్ని హైడీ హైట్‌క్యాంప్ గెలిచింది 3,000 కంటె తక్కువ ఓట్ల ఆధిక్యంతో.

జిల్లా యంత్రాంగంలోని అత్యవసర సేవల అధికారికి ఫోను చేసి తమ ఇంటికి చిరునామా కేటాయింపజేసుకోవచ్చునని రాష్ట్రం సూచించింది. తెగల ప్రభుత్వాలు తామే చిరునామాలు ఏర్పరచి, ఉచితంగా కొత్త కార్డులు ముద్రించి పంచాయి. 2018 నవంబరులో తెగలు నివసించే జిల్లాలలో పోలింగు 2014తో పోల్చితే పెరిగింది. హైట్‌క్యాంప్ మాత్రం కెవిన్ క్రేమర్ చేతిలో ఓడిపోయింది. పోలింగు పెరిగింది గనుక నిబంధన వలన నష్టం లేదని కొందరు వాదించారు. కాని ఆ పెరుగుదల కొద్ది వారాలలో తెగలు తమ సొంత డబ్బుతో, శ్రమతో సాధించినది. ఇతర ఓటర్లు అంత ప్రయాస పడనవసరం లేకపోయింది.

2020లో రాష్ట్రానికి, స్పిరిట్ లేక్, స్టాండింగ్ రాక్ తెగలకు మధ్య రాజీ కుదిరింది. దాని ప్రకారం, వీధి చిరునామా లేనివారు లేదా తెలియనివారు పటంపై తమ ఇల్లు ఉన్న చోటును గుర్తించి చూపి ఓటు వేయవచ్చు. ఓటరు ఏ నియోజకవర్గంలో ఉంటాడో తెలుసుకోవటమే ప్రభుత్వానికి కావలసినదైతే, అందుకు పటంపై ఒక చుక్క చాలునని దీనితో స్పష్టమైంది.

పొరుగు రాష్ట్రంలో

పక్కనే ఉన్న సౌత్ డకోటాలో వేరొక ధోరణి కనిపిస్తుంది. ఇల్లు అమ్ముకొని మోటారు ఇళ్ళలో దేశమంతా తిరిగేవారు అక్కడ లైసెన్సు తీసుకోవటం పరిపాటి. రాష్ట్రంలో ఒక్క రాత్రి బస చేసినట్లు రసీదు, ఉత్తరాలు అందుకొనే ప్రైవేటు పెట్టె చిరునామా, ఒక ప్రమాణపత్రం ఉంటే లైసెన్సు లభిస్తుంది. ఓటరు నమోదుకు మాత్రం 30 రోజుల నివాసం ఉండాలని 2023లో చట్టం చేశారు. నివాసం ఎంత కఠినంగా నిరూపించాలన్నది ప్రభుత్వం ఎవరిని దృష్టిలో ఉంచుకొని నిబంధన వ్రాసిందన్న దానిపై ఎంతగా ఆధారపడుతుందో ఈ రెండు రాష్ట్రాలను పోల్చితే తెలుస్తుంది.

ఇల్లు లేనివారు

2024 జనవరిలో ఒక రాత్రి జరిపిన ప్రభుత్వ లెక్కింపు ప్రకారం అమెరికాలో 7,71,480 మంది ఇల్లు లేనివారు ఉన్నారు. ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే కార్డు కావాలి. కార్డు కావాలంటే ఇల్లు ఉండాలి. పెళ్ళి అయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు అన్న సామెత ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ఈ చిక్కును విప్పటానికి అనేక రాష్ట్రాలు ఆశ్రయ కేంద్రం లేదా సేవాసంస్థ ఇచ్చే లేఖను నివాస రుజువుగా అంగీకరిస్తున్నాయి. ఇల్లు లేనివారికి గుర్తింపు కార్డు రుసుము లేకుండా ఇవ్వాలని కాలిఫోర్నియా 2014లో చట్టం చేసింది.

భారతదేశంలో ఓటరు నమోదు విషయంలో ఇటువంటి వారికి వేరొక పద్ధతి ఉంది. ఎన్నికల సంఘం సూచనల ప్రకారం, ఇల్లు లేని వ్యక్తి నుండి నివాస పత్రం అడగనవసరం లేదు. బూత్ స్థాయి అధికారి రాత్రి వేళ ఆ వ్యక్తి పడుకొనే చోటికి స్వయంగా వెళ్ళి చూచి నిర్ధారించాలి. ఇక్కడ రుజువు తెచ్చే భారం పౌరుని మీద గాక అధికారి మీద ఉండటం గమనార్హం.

చిరునామా దాచుకోవలసినవారు

చిరునామా లేకపోవటం ఒక సమస్య కాగా, అది ఇతరులకు తెలిసిపోవటం మరొక సమస్య. 1989లో రెబెకా షేఫర్ అనే నటిని ఒక ఉన్మాది ఆమె ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపాడు. ఆమె చిరునామాను అతడు ఒక ప్రైవేటు డిటెక్టివు ద్వారా కాలిఫోర్నియా మోటారు వాహనాల శాఖ రికార్డుల నుండి సంపాదించాడు. లైసెన్సు రికార్డులలోని వ్యక్తిగత వివరాలను వెల్లడించటంపై ఆంక్షలు విధిస్తూ 1994లో సమాఖ్య చట్టం రావటానికి ఈ హత్య ఒక ముఖ్య కారణం. గృహహింస బాధితులకు ప్రత్యామ్నాయ చిరునామా కల్పించే పథకం 1991లో వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలై ఇతర రాష్ట్రాలకు వ్యాపించింది.

తెలుగువారికి సంబంధించి

చదువుకు, ఉద్యోగానికి అమెరికా వెళ్ళే తెలుగువారికి ఈ నిబంధన మొదటి వారాలలోనే ఎదురవుతుంది. నలుగురైదుగురు కలిసి ఉండే ఇంటికి అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు ఒకరిద్దరి పేరు మీదే ఉంటాయి. అందువలన ఒప్పందంలో అందరి పేర్లు వ్రాయించుకోవటం, బ్యాంకు ఖాతాకు ఆ చిరునామాయే ఇవ్వటం మేలు. టెక్సాస్ వంటి చోట్ల అదే ఇంట్లో ఉండే మరొకరు ధ్రువీకరించే ప్రమాణపత్రానికి వీలుంది. తాత్కాలిక వీసాపై ఉన్నవారికి రియల్ ఐడి ప్రమాణాల లైసెన్సు వారి అనుమతి గడువు వరకే ఇస్తారు. ఇల్లు మారినప్పుడు లైసెన్సు శాఖకు, వలస శాఖకు విడివిడిగా తెలియజేయాలి. వలస శాఖకు తెలిపే గడువు 10 రోజులు. విద్యార్థులు తమ విశ్వవిద్యాలయపు అధికారి ద్వారా తెలియజేస్తారు.

విశ్లేషణ

చిరునామా అడగటం అకారణం కాదు. జరిమానా నోటీసు ఎక్కడికి పంపాలి, ఓటు ఏ నియోజకవర్గానికి చెందుతుంది, ఒకే వ్యక్తి రెండు రాష్ట్రాలలో కార్డులు పొందాడా అన్నవి ప్రభుత్వం తెలుసుకోవలసినవే. వర్జీనియా అనుభవం వలన సడలింపు దుర్వినియోగం కావచ్చునన్నది కూడా నిజమే. అయితే ఆ అవసరాలలో ఏదీ వీధి పేరు, ఇంటి నంబరు మాత్రమే ఉండాలని కోరదు. ఉత్తరం చేరటానికి తపాలా పెట్టె చాలు. నియోజకవర్గం తెలియటానికి పటంపై గుర్తు చాలు. మనిషి ఎవరో తెలియటానికి పుట్టుక పత్రం, ఫోటో, వేలిముద్ర ఉన్నాయి. ఒక్కొక్క అవసరానికి తగిన రుజువును విడిగా అడిగితే మోసానికి తావివ్వకుండానే ఎక్కువ మంది అర్హులు కార్డు పొందగలుగుతారు. అన్నిటికీ కలిపి ఒక్క వీధి చిరునామాను అడిగినప్పుడు, తరతరాలుగా ఒకే నేలపై నివసిస్తున్న వ్యక్తి కూడా కాగితం మీద నివాసం లేనివాడుగా తేలుతాడు. ఇంటికి నంబరు వేయవలసిన బాధ్యత పాలనా యంత్రాంగానిది. ఆ పని జరగనందుకు ఆ ఇంట్లో ఉండేవారు ఓటు కోల్పోవటం న్యాయమా అన్నదే నార్త్ డకోటా లేవనెత్తిన ప్రశ్న.