చేతికి నప్పే చిట్టెలుక

సనత్‌నగర్, ఎస్సార్‌నగర్ హాస్టళ్ల నుంచి పొద్దున్నే అమీర్‌పేట కోచింగ్‌కు బయల్దేరే కుర్రాళ్ల బ్యాగుల్లో ల్యాప్‌టాప్ ఉంటుంది, ఛార్జర్ ఉంటుంది, జిరాక్స్ నోట్సు ఉంటాయి. అడుగున ఎక్కడో వైరు చుట్టుకుని ఓ మౌస్. ల్యాప్‌టాప్ కొనేటప్పుడు వారం రోజులు వాకబు చేసి, నలుగురు స్నేహితుల్ని అడిగి, ఇంట్లో నాన్నను ఒప్పించినవాళ్లే మౌస్ దగ్గరికొచ్చేసరికి 'ఏదో ఒకటి ఇవ్వన్నా' అనేస్తారు. లేదంటే రంగు చూసి తీసుకుంటారు. రోజంతా చెయ్యి ఉండేది మాత్రం దాని మీదే!

2000 ప్రాంతంలో మైత్రివనం చుట్టుపక్కల జావా, ఒరాకిల్ నేర్చుకున్నవాళ్లకు ఎంపిక గొడవే లేదు. ల్యాబ్‌లో ఏది దొరికితే అదే. అడుగున మూత తిప్పి, రబ్బరు బంతిని బయటికి తీసి, లోపలి రోలర్లకు పట్టిన మురికిని గోటితో గీకితే తప్ప బాణం గుర్తు కదిలేది కాదు. ఆ కష్టాలు ఆప్టికల్ మౌస్‌లతో తీరాయి. ఇప్పుడు సమస్య వేరు. దుకాణంలో కారు ఆకారంలో ఒకటి, అరచేతిలో దాక్కునేంత బుజ్జిది ఒకటి, రంగురంగుల లైట్లతో మెరిసేది ఇంకొకటి. ఏది తీసుకోవాలి?

అసలు మౌస్ పుట్టినప్పుడు అందం ఊసే లేదు. 1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకు బిల్ ఇంగ్లిష్ రూపమిచ్చాడు. చిన్న చెక్కపెట్టె, అడుగున రెండు చక్రాలు, పైన ఒక్క బటన్... అంతే. వెనక వేలాడే తీగ తోకలా కనిపించడంతో 'ఎలుక' అన్న పేరు ఖాయమైంది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని జనానికి చూపించారు.

సోకు కోసం సుఖాన్ని వదులుకుంటే ఏమవుతుందో 1998లో ఆపిల్ కంపెనీ చూపించింది. ఐమ్యాక్‌తో పాటు గుండ్రటి, పారదర్శకమైన మౌస్ ఇచ్చింది. చూడ్డానికి పిప్పరమెంటు బిళ్లలా ముచ్చటగా ఉండేది. తీరా పట్టుకుంటే ఏది ముందో ఏది వెనకో తెలియదు! కళ్లు తెర మీద ఉండగా చెయ్యి దాన్ని కాస్త పక్కకు తిప్పేస్తే బాణం ఇంకెటో పోయేది. రెండేళ్లకే, 2000లో, ఆ కంపెనీ దాన్ని పక్కనపెట్టి పొడవాటి మౌస్ తెచ్చింది. అంత పేరున్న కంపెనీకే తప్పలేదు, కారు బొమ్మ మౌస్ సంగతి చెప్పేదేముంది?

కొనేముందు ముందుగా చూడాల్సింది చేతి కొలత. మణికట్టు మడత నుంచి మధ్యవేలి కొస దాకా స్కేలుతో కొలవండి. పదిహేడు సెంటీమీటర్ల లోపయితే చిన్న చెయ్యి, ఇరవై దాటితే పెద్దది. ఇది ఉజ్జాయింపు లెక్కే అయినా చెప్పుల సైజులా పనికొస్తుంది. ల్యాప్‌టాప్ బ్యాగులో పడుతుందని పెద్ద చేతివాళ్లు బుజ్జి మౌస్ కొంటే వేళ్లు ముడుచుకుని, తేలు కొండీ పైకెత్తినట్టు పట్టుకోవాలి. పావుగంట పర్వాలేదు. ఎనిమిది గంటలంటే కష్టం. అరచెయ్యి మౌస్ వీపు మీద ఆనాలి, వేళ్లు వాటంతటవే బటన్ల మీద వాలాలి, బొటనవేలికి పక్కన చోటుండాలి. గట్టిగా పట్టుకోకుండానే కదలాలి. దుకాణంలో ఈ నాలుగూ చూడటానికి ఒక్క నిమిషం చాలు.

పిల్లల సంగతి చాలా ఇళ్లలో ఎవరూ ఆలోచించరు. నాన్న ఆఫీసు మౌస్‌నే నాలుగో తరగతి పాప రెండు చేతులతో తోస్తుంటుంది. వాళ్లకు చిన్న సైజుదే సరైనది. ఇక ఎడమచేతి వాటం ఉన్నవాళ్ల బాధ మరీ అన్యాయం. 'కుడిచేత్తో పట్టుకో' అని ఇంట్లో అన్నం దగ్గర మొదలైన గదమాయింపు కంప్యూటర్ దాకా వస్తుంది. రెండు వైపులా ఒకేలా ఉండే మౌస్ కొని, సెట్టింగుల్లోకి వెళ్లి కుడి, ఎడమ బటన్లను తారుమారు చేస్తే సరిపోతుంది. కుడివైపు ఒంపు తిరిగిన ఖరీదైన మౌస్‌లు మాత్రం వాళ్లకు దండగ.

చెయ్యి నొప్పి మాటకొద్దాం. మణికట్టు లోపల ఇరుకైన దారి గుండా మీడియన్ నరం వెళ్తుంది. అది నలిగితే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి. చిటికెనవేలు మాత్రం బాగానే ఉంటుంది. రాత్రిపూట మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకుంటారు. దీనికి మౌస్ ఒక్కటే కారణమని అనుకోవద్దు. మధుమేహం, థైరాయిడ్ సమస్య, గర్భం వల్ల కూడా ఇది రావచ్చు. కాబట్టి తిమ్మిరి తగ్గకపోతే డాక్టరు దగ్గరికే వెళ్లాలి. కరచాలనం చేస్తున్నట్టు నిలువుగా పట్టుకునే 'వర్టికల్' మౌస్ కొందరికి హాయిగా ఉంటుంది. అయితే అది మందు కాదు.

మౌస్ మంచిదైనా బల్ల మంచిది కాకపోతే ఫలితం సగమే. 2020లో లాక్‌డౌన్ వచ్చి ఇంటి నుంచే ఉద్యోగాలు చేయాల్సి వచ్చినప్పుడు మన ఇళ్లలో డైనింగ్ టేబులే ఆఫీసయింది. అది సాధారణంగా ఎత్తుగా ఉంటుంది. భుజం పైకి లేచి, మణికట్టు బల్ల అంచుకు ఒత్తుకుంటుంది. కుర్చీలో దిండు వేసుకుని, మోచెయ్యి బల్లతో సమానంగా ఉండేలా చూసుకోవాలి. అప్పుడు పాదాలు నేలకు అందకపోతే కింద పీట వేసుకోవాలి. మౌస్‌ను కీబోర్డు పక్కనే పెట్టుకోవాలి, చెయ్యి చాచి అందుకునేలా కాదు. పైన గాజు పలక ఉంటే ఇంకో చిక్కు. ఆప్టికల్ మౌస్ కింద ఉన్న ఉపరితలాన్ని సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీస్తూ కదలికను లెక్కకడుతుంది. గాజు మీద దానికేమీ కనిపించదు. మౌస్ పాడైందని తిట్టుకోకుండా పాత క్యాలెండర్ అట్ట వేస్తే చాలు.

వైరా, వైర్‌లెస్సా? ఇంట్లో ఒకేచోట వాడేవాళ్లకు వైరుదే మేలు, బ్యాటరీ గొడవ ఉండదు. రోజూ మోసుకెళ్లేవాళ్లకు వైర్‌లెస్. దానితో వచ్చే గోరంత రిసీవర్ పారేసుకున్నారో మౌస్ ఉత్త డబ్బానే, అందుకే దాన్ని దాచుకునే గూడు అడుగున ఉందో లేదో చూడాలి. డీపీఐ అంకెలు వేలల్లో రాసి ఊరిస్తారు. ఆటగాళ్లకు తప్ప అవి అక్కర్లేదు. వెయ్యి దాకా ఉంటే ఇంటికి బోలెడు.

ఆన్‌లైన్‌లో ధర తక్కువ కావచ్చు కానీ పట్టుకుని చూసే వీలుండదు. సనత్‌నగర్ వాళ్లు ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, ప్యారడైజ్‌లో దిగితే పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ పిలిచే సీటీసీ, దగ్గరే. నాలుగు కొట్లు తిరిగి, నాలుగు పట్టుకుని చూసి కొనొచ్చు. హాస్టల్లో ఉండేవాళ్లు క్లిక్ చప్పుడు రాని రకం అడగడం మరచిపోవద్దు. అర్ధరాత్రి ప్రోగ్రాం రాస్తుంటే పక్క మంచం అబ్బాయి నిద్ర చెడకుండా ఉంటుంది.