పాడైన పడవను కొనవచ్చా?

పాడైన పడవ చవకగా దొరికితే కొని బాగుచేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. కానీ “గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అన్నారు పెద్దలు. పడవ ధర ఒక్కసారే ఇస్తాం. కలప, రంగులు, పనివాళ్ల కూలి, పడవను నిలిపే చోటికి అద్దె మాత్రం ఇస్తూనే ఉండాలి.

ఇంగ్లండులోని ‘జిప్సీ మాత్ 4’ కథే చూడండి. 1966-67లో ఫ్రాన్సిస్ చిచెస్టర్ ఈ తెరచాప పడవలో ఒంటరిగా బయలుదేరి, దారిలో సిడ్నీలో మాత్రమే ఆగి, ప్రపంచాన్ని చుట్టివచ్చాడు. తర్వాత దాన్ని గ్రీనిచ్‌లో ప్రదర్శనకు ఉంచారు. నీటికి దూరమై, ఏళ్ల తరబడి ఎండకు, వానకు అది పాడైపోయింది. చివరికి ఒక్క పౌండుకే అమ్ముడైంది! కానీ మళ్లీ సముద్రంలోకి దించడానికి దాన్ని తయారుచేసిన నౌకాశాలలోనే నిపుణులు ఎంతో శ్రమించాల్సి వచ్చింది. 2005లో అది మళ్లీ ప్రపంచయాత్రకు బయలుదేరింది. ఈసారి అందులో యువతీయువకులు నావికులయ్యారు. 2006లో పసిఫిక్‌లో పగడపు దిబ్బకు తగిలి దెబ్బతింటే, మళ్లీ బాగుచేసి, 2007లో ఇంటికి చేర్చారు.

అంత ఓపిక ఎక్కడి నుంచి వచ్చింది? యువతకు సముద్రయానం నేర్పాలన్న లక్ష్యం నుంచే. అందుకే కొనేముందు అడుగు దూలం గట్టిగా ఉందా, బాగుచేసేవారు దగ్గరలో ఉన్నారా అని చూడాలి. అన్నిటికంటే ముందు, బాగయ్యాక దానితో ఏం చేస్తామో తెలియాలి. అది తెలియకపోతే, నా దృష్టిలో ఒక్క పౌండు కూడా ఎక్కువే.