మన్ను కప్పి మరిచిపోతామంటే

"చెత్తంతా కప్పేశాం. గడ్డి కూడా మొలిచింది. ఇంకా మీకేం ఇబ్బంది?" డంపింగ్ యార్డు పక్కన బతికే ఊళ్లకు వినబడే జవాబు ఇదే. ఇది అబద్ధం అనను. సగం మాట అంటాను.

మన్ను కింద చెత్త ఊరుకోదు. గాలి ఆడని చోట ఏళ్ల తరబడి కుళ్లుతూ మీథేన్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ విడుస్తూనే ఉంటుంది. మీథేన్ అంటే మన పిల్లలు పదో తరగతి కార్బన్ పాఠంలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకునే వాయువే. గాలిలో 5 నుంచి 15 శాతం దాకా కలిసిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు. దానికి వాసన ఉండదు. కుళ్లిన గుడ్ల కంపు కొట్టేది వేరే వాయువు. అందుకే "దుర్వాసన లేదు" అని రాసి తనిఖీ అయిపోయిందనడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పైన బంకమన్ను గట్టిగా దిమ్మిస చేసి, వాయువు పోవడానికి గొట్టాలు పెట్టకపోతే ఏమవుతుంది? పైకి దారి లేనిది పక్కకు పోతుంది. రాతి చీలికల్లోంచి, పాత కాలువల్లోంచి ఇళ్ల కిందికి చేరుతుంది. ఇంగ్లండ్‌లో లోస్కో అనే ఊళ్లో ఇదే జరిగింది. ఇటుకల బట్టీ కోసం తవ్విన గొయ్యిని చెత్తతో నింపి మూసేశారు. 1986 మార్చి 24న తెల్లవారుజామున దగ్గర్లోని ఒక ఇల్లు పేలి కూలిపోయింది. లోపలున్న ముగ్గురూ గాయపడ్డారు. ఆ రాత్రి గాలి పీడనం 7 గంటల్లో 29 మిల్లీబార్లు పడిపోయింది. పైనుంచి నొక్కే బరువు తగ్గేసరికి నేలలో ఉన్న వాయువు ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చింది. అంతకు ముందే పక్క ఇంటి తోటలో నేల వేడెక్కడం, మొక్కలు మాడిపోవడం కనిపించాయి.

ఇక్కడ ఆగి ఆలోచించండి. పీడనం పడిపోయేది ఎప్పుడు? తుపాను వచ్చేముందు. మరి మన దగ్గర తనిఖీ జరిగేది ఎప్పుడు? ఎండ బాగా కాసిన రోజు, మధ్యాహ్నం పూట. నేను చూసిన ఒక తనిఖీలో జీపు గేటు దాటి లోపలికే రాలేదు. ఆరోజు మీటరు సున్నా చూపిస్తే అది ఆరోజు సంగతి మాత్రమే.

చట్టంలో లేదా అంటే, రాశారు. మూసేసిన యార్డు మీద 60 సెంటీమీటర్ల బంకమన్ను పొర, దాని మీద నీళ్లు జారే పొర 15, ఆపైన మొక్కలు పెరిగే మన్ను 45 సెంటీమీటర్లు ఉండాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. మీథేన్ పేలే హద్దులో నాలుగో వంతు, అంటే గాలిలో 1.25 శాతం, దాటకూడదన్నాయి. మూసిన తరవాత కనీసం 15 ఏళ్లు కాపు కాయాలని, కప్పు చెడితే బాగు చెయ్యాలని అన్నాయి. పదిహేనేళ్లంటే అప్పుడు పుట్టిన పిల్ల పదో తరగతికొచ్చే కాలం. ఈలోగా ఎందరు అధికారులు బదిలీ అవుతారో మనకు తెలుసు. ఊరు మాత్రం అక్కడే ఉంటుంది.

కప్పును చూడాల్సింది నడిచి, అదీ వాన వెలిసిన మర్నాడు. నీళ్లు నిలిచిన గుంట ఉందంటే కింద చెత్త కుంగిందన్నమాట. ఆ గుంటలో బుడగలు లేస్తుంటే వాయువు అక్కడే దారి చేసుకుంది. వేసవిలో బీటలు, వాన కోసిన గండ్లు, పందికొక్కుల బొరియలు, చుట్టూ పచ్చగా ఉన్నా ఒక్కచోట బట్టతలలా ఎండిన గడ్డి, అడుగున ఊరే నల్లనీళ్లు. ఇవన్నీ మన పెద్దలకు ఎవరూ నేర్పక్కర్లేదు. పోడు చేసినవాడికి ఏ వాలు ఎక్కడ కోసుకుపోతుందో తెలుసు. తెలియంది మీటరు చదవడం ఒక్కటే. అది యువకులు నేర్చుకోగలరు. అయితే మాస్టర్లు పిల్లల్ని యార్డు మీదికి తీసుకుపోవద్దు. అగ్గిపుల్ల గీసి పరీక్షించడం, పక్కనున్న పాత బావుల్లోకి దిగడం అసలే కూడదు.

ఇది హైదరాబాదు వాళ్ల గొడవ, జవహర్‌నగర్ గుట్ట గొడవ అనుకోవద్దు. అరకు, వనజంగి కొండలెక్కే పర్యాటకులు వదిలే చెత్త పెరుగుతోంది. కొండమీద యార్డు పెట్టొద్దని, కిందికి 25 కిలోమీటర్లలోపు చదును నేల వెతకమని అవే 2016 నిబంధనలు చెప్పాయి. మన్యంలో కొండ కింద చదును నేలంటే ఎవరిది? మన వరిమడి. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి సేకరించే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం అంటోంది. ఆ సభలో మనవాళ్లు ఎన్ని ఉద్యోగాలిస్తారని అడుగుతారే కానీ పదిహేనేళ్లు కప్పును ఎవరు చూస్తారని అడగరు. ఇందులో మన తప్పూ ఉంది.

అడగాల్సింది పెద్దదేం కాదు. ప్రతి తనిఖీ కాగితం నకలు తెలుగులో పంచాయతీ గోడకు అంటించాలి. ఏ తేదీన, ఏ వాతావరణంలో, ఎన్ని చోట్ల మీటరు పెట్టారో, కప్పు మీద ఎవరు నడిచారో అందులో ఉండాలి. నడిచినవాళ్లలో ఊరివాళ్లు ఇద్దరుండాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు ఇంకోసారి కొలవాలి. కాగితం ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మొదటి దరఖాస్తు రాయడానికి మాస్టరు పక్కన కూర్చుంటే రెండోది పిల్లలే రాస్తారు.