చీటీ చూడకుండా పెట్టెను నమ్మకండి

నిఘంటువులో ఒక మాట వెతకాలంటే మీరేం చేస్తారు? మధ్యకు తెరుస్తారు. మీ మాట అంతకు ముందుందో, తర్వాత ఉందో చూసుకొని ఒక సగాన్ని వదిలేస్తారు. మిగిలిన సగంలో మళ్ళీ అదే పని. ఇలా చేస్తే వెయ్యి మాటల్లో ఒకదాన్ని పట్టుకోవడానికి పదిసార్లు చూస్తే చాలు. తెలివైన పద్ధతే! అయితే ఒకే ఒక్కసారి చూసి పట్టుకోగలమా? కాగితం, పెన్సిలు తీసుకోండి. మీరే తేల్చుకోవచ్చు.

ఈ ఐదు సంవత్సరాలు రాయండి: 1947, 1950, 1953, 1956, 2014. ఇవి వరుసగా దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం, దేశం గణతంత్రమైన సంవత్సరం, ఆంధ్ర రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏర్పడిన సంవత్సరాలు. ఐదు ఖాళీ అగ్గిపెట్టెల మీద 0 నుంచి 4 వరకు అంకెలు వేయండి. ఒక్కో సంవత్సరాన్ని 5తో భాగించండి. శేషం ఎంత వస్తే ఆ పెట్టెలో ఆనాటి విశేషం రాసిన చీటీ వేయండి. 1947కు శేషం 2, 1950కి 0, 1953కు 3, 1956కు 1, 2014కు 4. చూశారా! ఏ రెండు చీటీలూ ఒకే పెట్టెలో పడలేదు. ఏ పెట్టే ఖాళీగా మిగలలేదు. ఇక ఎవరైనా “1956” అనగానే తిన్నగా 1వ పెట్టె తెరవడమే.

కంప్యూటరు చేసేదీ ఇదే. వెతికే మాటను ‘కీ’ అంటారు. కీని పెట్టె సంఖ్యగా మార్చే లెక్క పేరు హాషింగ్. ఐ.బి.ఎం.లో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1953లోనే ఈ ఆలోచనను కాగితం మీద పెట్టాడు. రెండు కీలు ఒకే పెట్టెలో ఢీకొనకుండా చేసే లెక్క దొరికితే దాన్ని ‘పర్‌ఫెక్ట్ హాష్’ అంటారు.

అలాంటి లెక్క దొరకడం సులభం కాదు. ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, వారిలో ఏ ఇద్దరికైనా పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి మించుతుంది. పెట్టెల సంగతీ అంతే. 31 మాటలను 41 పెట్టెల్లో వేసే మార్గాలన్నిటిలో ఢీ లేనివి సుమారు కోటికి ఒకటి అని డొనాల్డ్ నూత్ 1973లో వెలువడిన తన గ్రంథంలో చూపాడు. అందుకే ఆ వెతుకులాటను మన తరఫున చేసిపెట్టే తయారు ప్రోగ్రాములు వచ్చాయి. వీటిని లైబ్రరీలు అంటారు. 1980ల చివర డగ్లస్ ష్మిట్ రాసిన ‘జీపెర్ఫ్’ ఈ కోవలో పేరున్న సాధనం.

మంచిదే. కాని ‘పర్‌ఫెక్ట్’ అన్న పేరు చూసి మోసపోకండి. మీ అగ్గిపెట్టెలకు రెండు పరీక్షలు పెట్టండి.

మొదటిది: ఆర్యభట ఉపగ్రహాన్ని పంపిన 1975ను చేర్చండి. శేషం 0. అక్కడ 1950 చీటీ ఇప్పటికే ఉంది. ఇప్పుడు పెట్టెలు పెంచి, లెక్కనే కొత్తగా వెతుక్కోవాలి.

రెండవది: “1962లో ఏం జరిగింది?” అని స్నేహితుణ్ణి అడగమనండి. శేషం 2. పెట్టె తెరిస్తే “స్వాతంత్ర్యం వచ్చింది” అన్న చీటీ! జవాబు క్షణంలో వచ్చింది, కాని పూర్తిగా తప్పు. చీటీ మీద 1947 అని కూడా రాసి, తీసిన ప్రతిసారీ సరిపోల్చి ఉంటే “నా దగ్గర లేదు” అని నిజం చెప్పేవారు.

మందుల దుకాణంలోని కంప్యూటరు ఇలా నడుస్తోందనుకోండి. పేరులో ఒక అక్షరం తప్పు పడితే అది వేరే మందు పెట్టెను తెరవవచ్చు. అప్పుడు వేగం ఎవరికి మేలు చేసినట్టు?

కొన్ని లైబ్రరీలు స్థలం కలిసి రావడానికి కీలను అసలు దాచవు. ఒక్కో కీకి 1.44 బిట్లు చాలునని సిద్ధాంతం చెబుతుంది. ఒక అక్షరానికి పట్టే చోటుకంటే ఇది ఎంతో తక్కువ. పట్టికలో లేని కీ ఎన్నడూ రాదని గట్టిగా తెలిసినప్పుడు ఆ పొదుపు సబబే. తెలియనప్పుడు మాత్రం సరిపోల్చి తీరాలి. జీపెర్ఫ్ తయారుచేసే ప్రోగ్రాము ఆ పని చేస్తుంది: పెట్టె దగ్గరకు వెళ్ళి, అక్కడి మాట అడిగిన మాటేనా అని చూసి మరీ జవాబిస్తుంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మారని జాబితాకు పర్‌ఫెక్ట్ హాష్ చక్కని పనిముట్టు. 1989లో ప్రమాణీకరించిన ‘సి’ భాషలో ప్రత్యేక పదాలు 32. ఆ జాబితాకు అది అతికినట్టు సరిపోతుంది. ఏటా కొత్త పిల్లలు చేరే మీ బడి హాజరు పట్టీకి మాత్రం మామూలు హాష్ పట్టికే మేలు. పైథాన్ భాషలోని ‘డిక్షనరీ’ అలాంటిదే. అది ఢీలను సర్దుకుంటుంది, కొత్తవారికి చోటిస్తుంది.

ఇతరులు రాసిన లైబ్రరీని వాడుకోవడం తప్పు కాదు. కాని దాన్ని పిలిచే ముందు ఒక్కసారి అగ్గిపెట్టెలతో ఆ లెక్క మీరే చేయండి. పెట్టెను చేరడంతో సగం పనే అయింది. అక్కడున్న చీటీ మీదేనా అని చూసినప్పుడే పని పూర్తవుతుంది.