చెక్కు రాస్తే సరిపోదు!

కోట్ల ఆస్తి, సొంత విమానం, కోరుకున్నంత విలాసం... అన్నీ ఉన్నాయి టెడ్డీ రిస్ట్‌కి. కన్నకొడుకే లేడు, చనిపోయాడు. వ్యాపారం పనిమీద నైజీరియా వెళ్లినప్పుడు వరదలో చిక్కుకున్న ఓ పిల్లాణ్ని కాపాడతాడు. న్యూయార్క్ తిరిగొచ్చినా ఆ పసివాడు కళ్లముందు నుంచి కదలడు. ఓ చెక్కు రాసిచ్చి ఊరుకోవచ్చు. కానీ కలరా టీకాలు తీసుకుని తానే మళ్లీ బయల్దేరతాడు!

2009 వేసవిలో అమెరికాలోని ఎన్‌బీసీ ఛానల్లో వచ్చిన ‘ద ఫిలాంత్రపిస్ట్’ కథ ఇది. టెడ్డీగా జేమ్స్ ప్యూర్‌ఫాయ్ నటించాడు. మయన్మార్, కొసావో, కశ్మీర్, హైతీ... వారానికో చోటు. మందులు కొనడం అతనికి చిటికెలో పని. వాటిని అవసరమైనవాళ్ల చేతికి చేర్చడమే కష్టం. కథకు పట్టంతా అక్కడే. అయినా ఎనిమిది ఎపిసోడ్లకే సీరియల్ ఆగిపోయింది.

ఈ పాత్రకు స్ఫూర్తినిచ్చింది మాత్రం నిజం మనిషే. బోస్టన్ వ్యాపారి బాబీ సేగర్. వ్యాపారం పక్కనపెట్టి భార్యాపిల్లలతో కలిసి దేశాలు తిరిగాడు. రువాండాలో 1994 నాటి మారణకాండలో భర్తల్ని పోగొట్టుకున్న మహిళలూ, ఆ హత్యలు చేసి జైలుకెళ్లినవారి భార్యలూ కలిసి వ్యాపారాలు చేసుకునేందుకు చిన్నచిన్న అప్పులు ఇప్పించాడు. మనదేశంలో ఉంటున్న టిబెటన్ బౌద్ధ సన్యాసులకు సైన్సు పాఠాలు చెప్పించాడు.

సీరియల్లో హీరో పని ముగించుకుని విమానమెక్కేస్తాడు. అప్పిచ్చినవాడికి అలా కుదరదు. ఆ వ్యాపారం నడుస్తోందో లేదో మళ్లీ వెళ్లి చూడాలిగా!