ఎత్తులు బట్టీ పట్టకండి, ఆటలు చదవండి

మొన్నామధ్య మా అక్క కొడుకుని పిల్లల చెస్ టోర్నమెంటుకి తీసుకెళ్ళాను. వాడికి పదకొండేళ్ళు. కోచింగులో ఇటాలియన్ ఓపెనింగ్ పదిహేను ఎత్తులదాకా రుబ్బించారు, నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. మొదటి రౌండులో అవతలి పిల్ల ఐదో ఎత్తుకే ఏదో మూల బంటు జరిపింది. అంతే, మావాడు పావుగంటసేపు బోర్డుకేసి చూస్తూ ఉండిపోయాడు. ఓడిపోయి బయటికొచ్చి, "మామయ్యా, సార్ ఇచ్చిన షీట్లో ఆ ఎత్తు లేదు" అన్నాడు. ఇప్పుడు చెస్ మానేస్తానంటున్నాడు. తప్పు వాడిదా?

"పాత ఆటల్లోంచి తీసిన ఎత్తులేగా నేర్పిస్తున్నాం" అంటారు. ఆట చదవడం వేరు, అందులోంచి మొదటి పది ఎత్తులు కాపీ కొట్టడం వేరు మహాప్రభో!

ఆనంద్ అంతటివాడికే ఇక్కడ దెబ్బ తగిలింది. 1987లో ప్రపంచ జూనియర్ ఛాంపియన్ అయిన మనిషి. 1988లో బీల్ టోర్నమెంటులో జపాటా మీద నల్ల పావులతో పెట్రోఫ్ ఆడాడు. అంతకుముందు ఏడాది మైల్స్, క్రిస్టియన్సన్ ఆటలో ఐదో ఎత్తుకి నల్ల బిషప్ ఎఫ్5కి వచ్చింది, ఏ ప్రమాదమూ జరక్కుండా ఆట డ్రా అయింది. ఆనంద్ అదే ఎత్తు వేశాడు. జపాటా మంత్రిని ఈ2లో పెట్టాడు. రాజుకీ మంత్రికీ మధ్య నల్ల గుర్రం ఇరుక్కుపోయింది. ఆరు ఎత్తులకే ఆట ఖతం. ఎవరికో పనిచేసింది కదా అని నెట్లో దొరికిన కోడు ముక్కని తీసుకెళ్ళి ప్రొడక్షన్లో పడేస్తే మనకి జరిగేది కూడా ఇదే కదండీ.

అదే ఆనంద్ 2013లో వైక్ ఆన్ జీలో అరోనియన్‌ని 23 ఎత్తుల్లో చిత్తు చేశాడు. రెండు బిషప్‌లూ తెల్ల రాజు మీదికి గురిపెట్టిన ఆ దాడి చూస్తే 1907లో రోట్లేవీ మీద రూబిన్‌స్టీన్ ఆడిన ఆట గుర్తొస్తుంది. ఆ ఓపెనింగుకి ఇంట్లో కసరత్తు చేసుకునే వచ్చాడు, కాదనను. కానీ నూరేళ్ళ నాటి ఆట నుంచి అందేది ఎత్తుల వరస కాదు, ఏ పావు ఎటు చూడాలన్న ఆలోచన.

"గ్రాండ్‌మాస్టర్లు పాతిక ఎత్తులు గుర్తుపెట్టుకోరా?" అనొచ్చు. పెట్టుకుంటారు. వాళ్ళ ఎదుటివాడూ పుస్తకం ప్రకారమే ఆడతాడు. మన స్థాయిలో ఆరో ఎత్తుకే పుస్తకం అటకెక్కుతుంది. అక్కణ్ణుంచి ఏం చేయాలో చెప్పేది మొదటినుంచి చివరిదాకా చదివిన ఆటలే.

కాబట్టి ఒక ఓపెనింగ్ పట్టుకుని, దాంట్లో ఓ ఇరవై పూర్తి ఆటలు తీసుకోండి. తర్వాతి ఎత్తు కాగితంతో మూసేసి మీరైతే ఏం వేస్తారో, ఎందుకో రాసుకోండి. మీరు ఓడిపోయిన ఆటల్నీ అలాగే విప్పి చూడండి. కంప్యూటర్ని చివర్లోనే అడగండి. ముందే అడిగితే జవాబు తెలుస్తుంది, కారణం తెలీదు.

మావాడికి ఈ ఆదివారం 1858లో పారిస్ ఒపేరాలో మార్ఫీ ఆడిన ఆట చూపిస్తున్నాను. మొత్తం 17 ఎత్తులే. ఆట ముగిసేసరికి కూడా నల్ల రాజు వైపు బిషప్, ఏనుగు కదలకుండా పెట్టినచోటే ఉంటాయి. "ఎందుకు ఓడాడ్రా?" అని అడుగుతాను. షీటు మాత్రం ఇవ్వను.